మూగజీవి ఋణము

ఆదివారమునాడు ఆబిడ్స్ కాలిబాటలపై పాతపుస్తకములు పరచి అమ్ముట హైదరాబాదు వాసులకు చిరపరిచితమైన దృశ్యము. నవలలు, నిఘంటువులు, పరీక్షల గైడుల నడుమ వైద్యవిద్యార్థులు చదివి విడిచిన శరీరధర్మశాస్త్ర గ్రంథములును అచ్చట కనిపించును. గుండె ఎట్లు కొట్టుకొనును, నరము ఎట్లు స్పందించును, మెదడు ఎట్లు ఎదుగును అను విషయములు వానిలో పుటల కొలది వ్రాయబడి యుండును. ఆ పుటలు త్రిప్పువానికి జ్ఞానమే కనిపించును గాని, దాని వెనుక ఒక కప్ప, ఒక కుక్క, ఒక చిట్టెలుక ప్రాణము విడిచినదను సంగతి తలపునకు రాదు. బేరమాడి, పుస్తకమునకు వెల చెల్లించి అతడు ఇంటికి పోవును. ఆ జీవులకు చెల్లవలసిన వెల యెంత? దానిని ఎవరు చెల్లింపవలెను? అసలు అది చెల్లింపదగిన ఋణమేనా? దయను ధర్మమునకు పునాదిగా భావించువారు తప్పించుకొనరాని ప్రశ్న యిది.

ఆబిడ్స్ నుండి మొజంజాహీ మార్కెట్టు మీదుగా నాంపల్లి చేరుటకు ఎక్కువ దూరము లేదు. ఆ దారిలోనే తుల్జాగూడ, గృహకల్ప భవన సముదాయములలో సి.డి.ఎఫ్.డి. అని పిలువబడు కేంద్రప్రభుత్వ పరిశోధన సంస్థ చాల యేండ్లు పనిచేసి, పిమ్మట ఉప్పల్‌నకు తరలినది. డి.ఎన్.ఏ. పరీక్షలతో నేరస్థులను గుర్తించు సంస్థగా అది ప్రసిద్ధమైనను, జన్యులోపముల వలన కలుగు వ్యాధులను నిర్ధారించుటయు దాని ముఖ్యవిధులలో ఒకటి. నాంపల్లికి చేరువన రెడ్‌హిల్స్‌లో 1953లో వెలసిన నీలోఫర్ ఆసుపత్రి కలదు. తెల్లవారుజామున నాంపల్లి స్టేషనులో రైలు దిగి, బిడ్డను చంకనెత్తుకొని, సంచిలో కాగితముల కట్టతో ఇట్టి చోట్లను వెదకుకొనుచు వచ్చిన తల్లిదండ్రులు ఎందరో. మూడేండ్లు నిండినను మాట రాని బిడ్డ. పేరు పెట్టి పిలిచినను తల త్రిప్పని బిడ్డ. నేర్చిన నాలుగు మాటలను మరచి, చేతులు నలుపుకొనుచు కూర్చుండు బిడ్డ. ఆ తల్లి వైద్యుని అడుగు ప్రశ్న ఒక్కటే: “సారూ, మా పిల్లకు మాటలొస్తయా?”

ఈ ప్రశ్నకు పూర్వము లోకము చెప్పిన సమాధానములు క్రూరములు. గర్భిణిగా నున్నపుడు తల్లి గ్రహణము చూచినదనిరి, పూర్వజన్మ పాపమనిరి, వంశమునకు తగిలిన శాపమనిరి. ఇరువదవ శతాబ్ది నడుమ కొందరు పాశ్చాత్య వైద్యులు సైతము తల్లి ప్రేమలేమియే ఆటిజమునకు కారణమని బోధించి, అసలే కుమిలిపోవుచున్న తల్లులపై నింద మోపిరి.

నేటి శాస్త్రము చెప్పు సమాధానము వేరు. మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ఒక్కొక్క కణము వేల కొలది సంధుల ద్వారా ఇతర కణములతో కలిసి వలయములుగా అల్లుకొనును. పుట్టిన పిదప తొలి సంవత్సరములలో ఈ సంధులు అవసరమునకు మించి ఏర్పడును; వాడుకలో నున్నవి బలపడును, తక్కినవి రాలిపోవును. తోటమాలి కొమ్మలు కత్తిరించినట్లు జరుగు ఈ పని చక్కగా సాగినపుడే చూపు, మాట, నడత, చెలిమి కుదురును. ముఖ్యమైన జన్యువులలో ఏదో ఒకటి చెడినను ఆ అల్లిక తప్పవచ్చును. ఫ్రాజైల్ ఎక్స్ అను రుగ్మతకు కారణమైన జన్యువును 1991లో కనుగొనిరి. ఎక్కువగా బాలికలకు వచ్చు రెట్ రుగ్మతకు మూలమైన జన్యువు 1999లో తెలిసినది. తల్లి ప్రేమకును, గ్రహణమునకును ఇందు ప్రమేయము లేదని తేలినది. నింద తొలగించుటయు ఒక చికిత్సయే.

ఐతే కారణము తెలిసినంత మాత్రమున మార్గము తెలియదు. బ్రతికియున్న బిడ్డ మెదడును తెరచి వలయములను పరీక్షించుటకు వీలులేదు. అందుచే పరిశోధకులు చిట్టెలుకను ఆశ్రయించిరి. ముప్పది గ్రాములైనను తూగని ఆ ప్రాణి మెదడులో సుమారు 7 కోట్ల నాడీకణములే యున్నను, మానవ జన్యువులలో అత్యధిక భాగమునకు దానిలో ప్రతిరూపములు కలవు. మానవునిలో చెడిన జన్యువునే చిట్టెలుకలోను చెరచి, ఆ లోపముతో పుట్టు సంతతిని పెంచి, వాని మెదడును పరిశీలింతురు. ఫ్రాజైల్ ఎక్స్ లోపము గల చిట్టెలుకలు 1994లో తయారైనవి. ఆటిజముతో సంబంధము గల షాంక్3 అను జన్యువును చెరచిన చిట్టెలుకలను గూర్చి 2011లో ఒక పరిశోధన వెలువడినది. అవి తోడి ఎలుకలతో చెలిమి చేయవు. తమ మేనినే గోకుకొని, నాకుకొని, పుండ్లు పడినను విడువవు. మెదడు పైపొర నుండి లోపలి స్ట్రయేటమ్ అను భాగమునకు పోవు నాడీవలయములో లోపమున్నదని పరిశోధకులు చూపిరి.

ఇట్టి పనిని దినదినము తమ చేతులతో చేయువారిలో పెక్కుమంది, డాక్టరేటు పట్టము పొందిన పిదప స్థిరమైన ఉద్యోగము దొరకునంతవరకు కొన్ని యేండ్లు పరిశోధనాలయములలో పనిచేయు యువతీయువకులు. ఎలుకపిల్ల చెవికొనను కొంచెము కత్తిరించి జన్యువును పరీక్షించుట, మత్తుమందిచ్చి పుర్రెకు సన్నని రంధ్రము చేసి కొన్ని కణములకు వెలుతురుతో స్పందించు గుణము కల్పించుట, ఆ కాంతి ప్రసరించినపుడు నడతలో వచ్చు మార్పును కొలుచుట, తుదకు ప్రాణము తీసి మెదడును పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని క్రింద చూచుట వారి నిత్యకృత్యములు. హైదరాబాదులో చదివి బెంగుళూరునకో, బోస్టనునకో పోయి ఈ పనిలో చేరిన తెలుగు బిడ్డలును కలరు. పండుగనాడు ఇంటికి ఫోను చేసినపుడు తల్లి “ఏం పని చేస్తున్నావు నాయనా?” అని అడిగినచో “మెదడు మీద పరిశోధనమ్మా” అని ఊరకుందురు. ఆ ఉదయము తమ చేతిలో నిశ్చేష్టమైన ఎలుకను గూర్చి చెప్పరు. అది సిగ్గు వలన కాదు; చెప్పుటకు తగిన మాట తోచకపోవుట వలన.

ఇక్కడనే ధర్మసందేహము ఎదురగును. నాంపల్లికి వచ్చిన ఆ తల్లి కన్నీరు తుడుచుటకై ఒక మూగజీవిని బాధించి చంపుట న్యాయమా? అది దైవవశమున రోగము వచ్చిన జీవి కాదు. రోగముతోనే పుట్టవలెనని మానవుడు నిర్ణయించిన జీవి. యజ్ఞములందలి పశుహింసను బసవేశ్వరుడు నిరసించెను. ప్రయోగశాల మరియొక యజ్ఞశాల కాదని చెప్పుట ఎట్లు?

సులభమైన సమాధానములు రెండు కలవు. మొదటిది: మానవుడు బుద్ధిజీవి, ఎలుక అల్పబుద్ధి, అల్పము అధికము కొరకు నశించుట తప్పు కాదు. ఈ వాదము వినుటకు ఇంపుగా నుండును. కాని అది ఎక్కడికి దారితీయునో చూడవలెను. జీవి విలువ బుద్ధిని బట్టి ఏర్పడుచో, బుద్ధి తక్కువైన మానవుని విలువయు తక్కువ కావలసి వచ్చును. ఎవని కొరకై ఈ ప్రయోగములన్నియు జరుగుచున్నవో, తల్లి చంకలోని ఆ బిడ్డయే ఆ నిచ్చెన క్రిందిమెట్టుపై నిలువవలసి వచ్చును. బిడ్డను రక్షించుటకై చేపట్టిన తర్కము బిడ్డనే క్రిందికి త్రోయును. ఇది ఊహ కాదు. 1939 మొదలుకొని హిట్లరు ఏలుబడిలోని జర్మనీలో, మేధోవైకల్యము మొదలగు లోపములు గల వేలాది పిల్లలను బ్రతుకుటకు తగరని నిర్ణయించి వైద్యులే చంపించిరి.

పన్నెండవ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుడు కూలద్రోసినది ఇట్టి నిచ్చెననే. చెప్పులు కుట్టువాడును, మంత్రియు అనుభవమంటపమున సమానులై కూర్చుండిరని శరణ సంప్రదాయము చెప్పును. పుట్టుకతో వచ్చిన కులము మనుష్యునికి కొలబద్ద కానపుడు, పుట్టుకతో వచ్చిన బుద్ధి మాత్రము కొలబద్ద ఎట్లగును? కావున బుద్ధి యెక్కువను చూపి ఎలుకను చంపు హక్కు సంపాదింపబూనుట శరణుల మార్గమునకు పొసగదు.

రెండవ సమాధానము: మూగజీవిని బాధించి సంపాదించిన విద్య యేదియు వద్దు. ఇందు ఒక నైర్మల్యము కలదు. ఐనను ఈ మాట పలుకువాడు దాని పర్యవసానమును కూడ భరింపవలెను. కొందరు శిశువులు థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయని లోపముతో పుట్టుదురు. ఆ గ్రంథి రసము చాలనిచో నాడీకణములు సరిగా కొమ్మలు వేయవు; వాని తొడుగు చక్కగా ఏర్పడదు; వలయములు కుదురవు. పుట్టిన కొద్ది వారములలో మందు మొదలుపెట్టినచో బిడ్డ సాధారణముగా తోడి పిల్లలవలె ఎదుగును. ఆలస్యమైనచో పోయిన బుద్ధి పూర్తిగా తిరిగిరాదు. ఆ మందు నేడు ఒక చిన్న మాత్ర. దాని వెల స్వల్పము.

ఆ మాత్ర వెనుకనున్న జ్ఞానములో కొంత, పంతొమ్మిదవ శతాబ్దిలో కుక్కల థైరాయిడ్ గ్రంథులను తొలగించి చేసిన ప్రయోగముల వలన వచ్చినది. 1891లో ఇంగ్లండులో జార్జి మర్రీ అను వైద్యుడు గొర్రె గ్రంథి సారముతో ఒక రోగికి చికిత్స చేసెను. ఆమె ఆ పిదప 28 ఏండ్లు జీవించెను. ఆమె యొక్కతె కొరకు వినియోగమైన గొర్రెల గ్రంథులు ఎనిమిది వందలకు పైబడినవని లెక్కించిరి. హింస వలన వచ్చినదని ఈ మందును నిరాకరించి, కన్నబిడ్డను బుద్ధిమాంద్యమునకు విడిచిపెట్టు తల్లి యుండునా? ఉన్నచో ఆమె చేసినది దయ యగునా? చేతిలోని మందును ఈయకుండుటయు ఒక హింసయే.

నిచ్చెన తర్కము చెల్లదు. పూర్తి నిరాకరణము నిలువదు. ఈ రెంటి నడుమ మిగిలిన మార్గమొక్కటే. ఆ హింసను పుణ్యమని పిలువరాదు, హక్కని భావింపరాదు, ఋణమని ఒప్పుకొనవలెను. అదియు సాధారణమైన ఋణము కాదు. లోకములో అప్పిచ్చువాడు తన ఇష్టముతో ఇచ్చును. ఎలుక ఇష్టమును ఎవరును అడుగలేదు. అడుగక తీసికొన్నదానిని తీర్చు బాధ్యత రెట్టింపు. తీర్చు ఉద్దేశమే లేనిచో అది ఋణము కాదు, దోపిడి.

ఋణమని ఒప్పుకొనుటలో మొదటి మెట్టు మాటను సరిచేసికొనుట. శాస్త్రపత్రికలలో ఎలుకను చంపినపుడు దానిని త్యాగము చేసితిమనియో, బలియిచ్చితిమనియో అర్థమిచ్చు ఇంగ్లీషు మాట వ్రాయు వాడుక చిరకాలముగ కలదు. హరళయ్య కథ వీరశైవ గృహములలో పిల్లలకును తెలిసినదే. బసవేశ్వరుడు తనకు ప్రతినమస్కారము చేసిన ఋణమును తీర్చుకొనుటకై హరళయ్య దంపతులు తమ తొడల చర్మము తీసి చెప్పులు కుట్టిరని చెప్పుదురు. వారు పరుల చర్మమును తేలేదు, తమదే ఇచ్చిరి. అది త్యాగము. ఇచ్చువాడు తనదానిని తానై ఇచ్చినపుడే ఆ మాట చెల్లును. ఎలుక ఇచ్చినది లేదు, మానవుడు తీసికొన్నాడు. తీసికొన్నదానిని త్యాగమని వ్రాసినచో కర్త మారిపోవును. కర్త మారినచో బాధ్యతయు మాయమగును. చంపితిమని వ్రాయు చేయి కొంచెము వణకును. ఆ వణకు మంచిది. మరునాడు మరియొక పంజరము తెరచుటకు ముందు అది ఒకసారి ఆలోచింపజేయును.

తరువాత ఋణము తీర్చు విధానము. దానిలో మూడు భాగములు కలవు: అక్కరకు మించి తీసికొనకుండుట, తీసికొన్నదాని విషయమున సత్యము పలుకుట, వచ్చిన ఫలమును అక్కరగల వానికి చేర్చుట.

మొదటి భాగమును చట్టమే నిర్దేశించినది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టి కదిపిన విషయము 1960లో జంతుహింస నివారణ చట్టమైనది. ప్రయోగములను అది నిషేధింపలేదు, కట్టుబాట్లు విధించినది. నమూనాలు, పుస్తకములు, చలనచిత్రములు చాలుచోట జంతువును వాడరాదు. చిన్నజీవి చాలుచోట పెద్దజీవిని వాడరాదు. బాధ తెలియకుండ మత్తు ఈయవలెను. కేవలము చేతినేర్పు కొరకు ప్రయోగము చేయరాదు. 1959లో రసెల్, బర్చ్ అను ఆంగ్ల పండితులిద్దరు జంతువునకు బదులు మరియొక సాధనము వెదకుట, సంఖ్య తగ్గించుట, బాధ తగ్గించుట అను మూడు సూత్రములను ప్రతిపాదించిరి. లోకమంతట నేడు ఇవే ప్రమాణములు. 2013లో మానవకణముల నుండియే మెదడు కణజాలమును పోలిన చిన్న ముద్దలను గాజుపాత్రలలో పెంచుట సాధ్యమైనది. వానికి మాట లేదు, నడత లేదు, చెలిమి లేదు గనుక అన్ని ప్రశ్నలకును అవి సమాధానము చెప్పలేవు. చెప్పగల ప్రశ్నలకు మాత్రము ఎలుకను తెచ్చుట ఇక ధర్మము కాదు.

ఈ కట్టుబాట్లలో సామాన్యులకు ఎక్కువగా తెలియని విషయమొకటి కలదు. జంతుప్రయోగములు జరుగు ప్రతి సంస్థలోను ఉండవలసిన నైతిక సంఘమున శాస్త్రజ్ఞుడు కాని, సమాజమును ఎరిగిన సభ్యుడొకడు కూర్చుండవలెను. ఈ ప్రయోగము లేకున్న నష్టమేమి అని అడుగుటయే అతని పని. చదువుకొన్నవారి నడుమ అట్టి ప్రశ్న అడుగుటకు కావలసినది శాస్త్రజ్ఞానము కాదు, నదురుబెదురు లేని మనస్సు. ఉపాధ్యాయులు, మఠముల పెద్దలు ఇట్టి బాధ్యత తమకు వచ్చినపుడు సంతకముతో సరిపెట్టక ప్రశ్న అడిగినచో ఆ కుర్చీ సార్థకమగును.

రెండవ భాగము సత్యము. దీనికి హైదరాబాదు నగరమే సాక్షి. ఆబిడ్స్‌నకు దాపుననున్న కోఠీలో బ్రిటిషు రెసిడెన్సీ ఉండెడిది. అందలి శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ లారీ, నేటి ఉస్మానియా వైద్యకళాశాలకు మూలమైన హైదరాబాదు వైద్య పాఠశాలకు కూడ అధిపతి. 1847 నుండి వాడుకలోనికి వచ్చిన క్లోరోఫారము మత్తులో అప్పుడప్పుడు రోగులు బల్లపైననే మరణించుచుండిరి. ముందు ఆగునది గుండెయా, శ్వాసయా అని వైద్యలోకమున వివాదము చెలరేగెను. శ్వాసను కనిపెట్టియున్నచో గుండెకు భయము లేదని లారీ నమ్మకము. 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారము సంఘము కుక్కలపై ప్రయోగములు చేసి ఆ మాటయే చెప్పెను. లండనులోని లాన్సెట్ వైద్యపత్రిక అంగీకరింపలేదు. అంతట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వేయి పౌండ్లిచ్చి, ఆ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుని రప్పించెను. 1889లో రెండవ సంఘము కుక్కలు, కోతులు, గుఱ్ఱములు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు మొదలగు జీవులను వందల కొలది వినియోగించి మరల అదే తీర్పు చెప్పెను.

శ్వాసను కనిపెట్టవలెనను మాట మంచిదే. గుండెకు భయము లేదనుట మాత్రము నిజము కాలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అను ఆంగ్ల వైద్యుడు, మత్తు పలుచగా నున్నపుడు క్లోరోఫారము గుండె లయను హఠాత్తుగా చెదరగొట్టి చంపగలదని చూపెను. అతడు చూపినదియు పిల్లులపై ప్రయోగములతోనే. మొదటి జీవుల సాక్ష్యమును ముందే నిశ్చయించుకొన్న మనస్సుతో చదివినందున, మరికొన్ని జీవులు మరల సాక్ష్యము చెప్పవలసి వచ్చెను. హైదరాబాదున చనిపోయిన ఆ జీవుల ఋణము సత్యమను నాణెముతో పూర్తిగా చెల్లలేదు.

ఇది గతించిన కథ మాత్రమే కాదు. ఫ్రాజైల్ ఎక్స్ రుగ్మతలో, నాడీసంధులలోని ఒక గ్రాహకము పని అదుపు తప్పుట వలన లక్షణములు కలుగుచుండవచ్చునని 2004లో మార్క్ బేర్ మొదలగు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. 2007లో ఆ గ్రాహకమును తగ్గించి పుట్టించిన చిట్టెలుకలలో పెక్కు లోపములు సరియైనవి. లోకమంతట తల్లిదండ్రులు ఆశ పెంచుకొనిరి. ఆ గ్రాహకమును అణచు మందును రోగులకిచ్చి చూడగా ఎలుకలలో కనిపించిన మేలు కనిపింపలేదు. 2014లో నోవార్టిస్ సంస్థ ఆ రుగ్మతకై ఆ మందు ప్రయత్నమును నిలిపివేసినది. మరియొక వంక, 2007లోనే ఏడ్రియన్ బర్డ్ బృందము రెట్ లోపము గల చిట్టెలుకలలో రోగము ముదిరిన పిదప ఆ జన్యువును మరల పనిచేయించి, అవి కోలుకొనుట చూపినది. చెడిన మెదడు శాశ్వతముగ చెడినట్లేనను పాత నిరాశ దానితో సడలినది. 2023లో ట్రోఫినెటైడ్ అను మందు రెట్ రోగులకై అమెరికాలో అనుమతి పొందినది. అది కొంత ఉపశమనమే గాని సంపూర్ణ చికిత్స కాదు. ఎలుక అబద్ధము చెప్పదు. కాని ఎలుక చెప్పినదానిని బిడ్డ చెప్పినట్లు చాటుటలో మానవుడు అబద్ధమాడవచ్చును.

ఇక్కడ ఆ యువ పరిశోధకుని పరీక్ష యుండును. మంచి ఫలితము వచ్చినచో పత్రిక ప్రచురించును. పత్రికలో పడినచో ఉద్యోగము దొరకును. రానిచో గడువు తీరి బయటికి నడువవలెను. అట్టి స్థితిలో అనుకూలమైన అంకెలను నిలిపి, ప్రతికూలమైనవానిని విడుచుటకు మనస్సు లాగును. ఏ ఎలుక ఏ గుంపునకు చెందినదో తెలియకుండ కొలుచుట, ఎన్ని ఎలుకలు అవసరమో ముందే లెక్కించుట, ఫలింపని ప్రయోగమును కూడ ప్రకటించుట అతని ధర్మము. అక్కరకు మించి వాడుట పాపమైనట్లే, తీర్పు తేలనంత తక్కువ వాడుటయు పాపమే. ఆ కొద్ది ప్రాణములును వ్యర్థమగును. సత్యశుద్ధమైన కాయకమన్న మాటకు ప్రయోగశాలలో అర్థమిదియే. పరిశోధకుడు తన పదవి కొరకు చంపిన ఎలుకకును, యజమాని తన స్వర్గము కొరకు చంపిన యజ్ఞపశువునకును భేదము లేదు.

మూడవ భాగము ఫలమును చేర్చుట. ఇది శాస్త్రజ్ఞుని ఒక్కని వలన కాదు. సమాజమంతయు చేయవలసిన పని. పుట్టిన బిడ్డ మడమ నుండి రెండు మూడు రక్తపు బొట్లు తీసి పరీక్షించినచో థైరాయిడ్ లోపము బయటపడును. సి.డి.ఎఫ్.డి.లో డాక్టర్ రాధారమాదేవి ఆధ్వర్యమున హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించిన ఫలితములు 2004లో వెలువడినవి. సుమారు 1,700 మందిలో ఒకరికి ఆ లోపము కనిపించినది. ఐనను దేశములో పుట్టు ప్రతి శిశువునకు ఈ పరీక్ష నేటికిని నియమముగా అందుట లేదు. కుక్కలు, గొర్రెలు ఎప్పుడో ప్రాణములిచ్చినవి, జ్ఞానము వచ్చినది, మాత్ర వచ్చినది. కాని పరీక్షింపబడని ఒక పల్లె బిడ్డ తన బుద్ధిని నేడును పోగొట్టుకొనుచున్నది. మర్రీ చికిత్స జరిగి నూటముప్పది యేండ్లు దాటినను ఆ గొర్రెల ఋణము ఇంకను మిగిలియే యున్నది. క్రొత్త ఎలుకను పంజరములో పెట్టుటకు ముందు పాత గొర్రె బాకీని తలచుకొనుట మంచిది.

చికిత్స లేని రుగ్మతల మాట ఏమి? వానికిని చేర్చవలసిన ఫలము కలదు. ఆ బిడ్డ పాపఫలము కాదనియు, తల్లి దోషి కాదనియు తెలిసిన జ్ఞానమే ఆ ఫలము. దానిని ఇంటింటికి చేర్చుటకు మందు అక్కరలేదు. 1984లో సికింద్రాబాదులోని మనోవికాసనగరున నెలకొన్న జాతీయ సంస్థ అట్టి పిల్లలకు శిక్షణ నేర్పు విధానములను రూపొందించుచున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును, మేధోవైకల్యమును గుర్తించి వారికి విద్యాహక్కు చెప్పినది. కాని పెండ్లికి పోవునపుడు ఆ బిడ్డను గదిలో ఉంచి తలుపు మూయు ఇండ్లు ఇంకను కలవు. బడిలో చేర్చుకొనుటకు వెనుదీయు పాఠశాలలు కలవు. మఠముల పాఠశాలలలో, వసతిగృహములలో అట్టి బిడ్డకొక చోటు, దాసోహపు బంతిలో వానికొక విస్తరి ఉండవలెను. మందు వచ్చువరకు వేచియుండనక్కరలేని వైద్యమది.

అట్లని ప్రశ్న పూర్తిగా తీరిపోయినదని చెప్పుట ఆత్మవంచన. అక్కరకు మించక వాడి, సత్యమే పలికి, ఫలమును పంచినను చనిపోయిన ఎలుకకు వచ్చు లాభము లేదు. ఋణదాతకు చెల్లింపలేని ఋణమిది; ఇతరులకు చెల్లించుటయే దీనికి గతి. ఆ వెలితిని మనస్సులో మోయుటయు దయలో ఒక భాగము. వెలితి తెలియని చేతిలోనికి పోయిన కత్తి ఎలుకతో ఆగదు. వెలితి తెలిసిన చేయి ఒక్క ప్రాణమునైనను తక్కువగా తీయును.

నాంపల్లి స్టేషనులో దిగిన తల్లి ప్రశ్నకు నిజమైన సమాధానము చెప్పు వైద్యుడు ఇట్లనును: “మాటలు వస్తయని ఇప్పుడే చెప్పలేనమ్మా. ఇది మాత్రం నీ తప్పు కాదు. ఏం చెయ్యొచ్చో చెప్త, కూర్చో.” ఆ నాలుగు మాటల వెనుక నలుదిక్కుల ప్రయోగశాలలలో కన్నుమూసిన ఎన్నియో చిట్టెలుకలు కలవు. ఆ తల్లికి వానిని గూర్చి తెలియనక్కరలేదు. ఆ మాట చెప్పువానికి తెలిసియుండవలెను. విని, ఆ బిడ్డను తమ వీధిలోనికి, తమ బడిలోనికి, తమ బంతిలోనికి చేర్చుకొనవలసిన వారికి తెలిసియుండవలెను.